చొక్కా లోపలి డబ్బా

మాదన్నపేట మార్కెట్ దగ్గర కూరగాయల బండ్లు అడ్డం పడి షేర్ ఆటో ఆగిపోయింది. వీర్యం నమూనా ఉన్న చిన్న డబ్బా నా చొక్కా లోపల ఉంది. గంటలోగా ల్యాబుకు చేరాలి. కిందటి నెల వేరే ల్యాబులో మెషీన్ పరీక్ష చేసి, కణాల్లో కదలికే లేదని రిపోర్టు ఇచ్చింది. ఈసారి మైక్రోస్కోపు కింద మనిషి చేత లెక్కపెట్టించమంది డాక్టరమ్మ. డబ్బాను ఒంటికి ఆనించి తెమ్మన్నారు ల్యాబువాళ్లు, ఎందుకో చెప్పలేదు.

పక్కన కూర్చున్న నడివయసు ఆయన నా చొక్కా వంక చూసి గొంతు తగ్గించాడు.

“పరీక్షకా, తమ్మీ?”

తలూపాను. చెవులు వేడెక్కాయి.

“శరం పడకు. నేను గూడ మోసిన. మొదాలు మెషీన్ల చేపిస్తే కదలిక సున్నా అని వచ్చింది. యాడాది దాంక ఇంట్ల ఎవ్వరితోని సరిగ మాట్లాడలె. తర్వాత చేతితోని లెక్కపెట్టే మేడం అడిగింది, పోయినసారి ఎట్ల తెచ్చినవ్ అని. మెషీన్ ఆ మాట అడగలె గద!”

“ఎట్ల తీస్కపోయిన్రన్నా?”

“ఖరాబ్ అయితదని ఐస్‌ల పెట్టి.”

డబ్బా ఎలా ఉందో చూద్దామని బయటికి తీయబోతే, ఆయన నా చేతిని పట్టుకుని మళ్లీ లోపలికి నెట్టాడు.

“తియ్యకు. చల్లబడ్తది.”

ఆటో కదిలాక, తర్వాతి మలుపులో ఆయన దిగిపోయాడు.

కిందటి నెల ఫ్రిజ్‌లోంచి ఐస్ తీసి, నా డబ్బా చుట్టూ ఎంతో జాగ్రత్తగా సర్దింది మా ఆవిడే. ఆ ఐస్ వల్లే కదలిక పోయిందేమోనని ఆమెకు ఇప్పటికీ చెప్పలేదు.