ముఖ్య అతిథి బొగ్గు

2023 ఎండాకాలం. అల్వాల్‌లో రైల్వే స్టేషన్‌కి వెళ్లే దారిలో నా పశువైద్య క్లినిక్. పేరుకు పశువైద్యమే గాని వచ్చేవన్నీ కుక్కలూ పిల్లులే. ఆ శనివారం పొద్దున షట్టర్ ఎత్తేసరికే శామీర్‌పేట నుంచి ఒక కారు వచ్చి ఆగింది. ఒక అవ్వ, ఆమె మనవడు మహిపాల్ దిగారు. అతని చేతుల్లో నల్లపిల్లి. చూడగానే గుర్తుపట్టాను. మేముండే మచ్చ బొల్లారం కాలనీ వాట్సాప్ గ్రూపులో దాని వీడియో చూడనివాళ్లు లేరు. దాని పేరు బొగ్గు.

బొగ్గుకి అంత పేరు ఎలా వచ్చిందో చెప్పాలి. ఒక ఉద్యోగి ప్లాటు రిజిస్ట్రేషన్‌కి బయల్దేరితే దారిలో ఇది అడ్డం వచ్చిందట. ఆయనకు శకునాల పట్టింపు ఎక్కువ. అవ్వ వాళ్ల అరుగు మీద కాసేపు కూర్చుని, మంచినీళ్లు తాగి, అయినా మనసొప్పక ఇంటికి తిరిగిపోయాడు. తర్వాత తెలిసింది, ఆ ప్లాటు చెరువు శిఖంలో ఉందని. అంటే చెరువు నిండితే మునిగే నేల. ఆయన సంతోషం పట్టలేక బొగ్గు మెడలో దండ వేసి వీడియో పెట్టాడు. ఇంకేముంది, పిల్లి ఎదురొస్తే తిట్టుకునే జనమే ప్లాటు కాగితాలు పట్టుకుని, అది అడ్డం వస్తుందో రాదో చూసుకోవడానికి రావడం మొదలుపెట్టారు.

మహిపాల్‌ది రియల్ ఎస్టేట్. ఇంట్లో ఇంత సెలబ్రిటీని పెట్టుకుని ఊరుకుంటాడా? తన కొత్త వెంచర్ ఓపెనింగ్‌కి బొగ్గునే ముఖ్య అతిథిని చేశాడు. ఎమ్మెల్యేకైనా అంత పెద్ద ఫ్లెక్సీ కట్టరు. ఓపెనింగ్ మర్నాడే, ఆదివారం.

"నిన్నటి సంది దొడ్డికి వస్తలేదు మేడం. ఇసుకలకు పోయి ఒకటే ముక్కుతాంది. అవ్వ ఆముదం గూడ తాపింది" అన్నాడు.

పొట్ట తడిమాను. మూత్రాశయం బత్తాయిలా గట్టిగా తగిలింది. ఇది మలబద్ధకం కాదు, మూత్రం బంధించింది. మేము దీన్ని బ్లాక్డ్ క్యాట్ అంటాం. మగపిల్లికి మూత్రనాళం మరీ సన్నం. అందులో ఏదైనా అడ్డం పడితే బయటికి పోవాల్సిన విషం రక్తంలోకి ఎక్కుతుంది. ముక్కడం చూసి ఆముదం పట్టించేవాళ్లు నాకు కొత్త కాదు. కానీ రక్తపరీక్షలో పొటాషియం బాగా పెరిగి ఉంది. అది పెరిగితే గుండె ఏ క్షణమైనా ఆగిపోవచ్చు.

"బతుకుతదా బిడ్డా?" అంది అవ్వ. "మా ముసలాయన పోయినంక నా మంచంల పండేది ఇదొక్కటే."

ఎవరికైనా ధైర్యం చెప్పడం నాకు అలవాటే. ఆవిడకి మాత్రం చెప్పలేకపోయాను. భయమేసింది.

గుండెకు మందు, సెలైన్ ఎక్కించి, మత్తిచ్చి, కాథెటర్ అనే సన్నని గొట్టం లోపలికి పంపి అడ్డు తొలగించాను. సంచిలోకి ఎర్రటి మూత్రం దిగుతుంటే నాకు ఊపిరి తిరిగొచ్చింది. అప్పుడు మహిపాల్‌ని అడిగాను.

"ఈమధ్య దీన్ని ఎక్కడ ఉంచుతున్నారు?"

"సైట్ ఆఫీసుల మేడం, ఏసీల. పంజరంల వెట్టి టేబుల్ మీద ఉంచుతం. పబ్లిక్ సెల్ఫీలు దిగుతరు."

"పంజరం ఎందుకు?"

"ఇడిసిపెడితే ఎవలికన్న అడ్డమొస్తది గద మేడం. బేరం ఖరాబైతది!"

"మరి ఒంటికి ఎక్కడికి వెళ్తుంది?"

అతను తల గోక్కున్నాడు. "పొద్దుగూకినంక ఇంటికి తీస్కపోతం గదా..."

నాకు ఒళ్లు మండిపోయింది. పిల్లికి సిగ్గెక్కువ. ఇసుక లేనిచోట, జనం గుడ్లప్పగించి చూస్తుంటే పోయదు. బెదురుకి నీళ్లూ తాగదు. బిగబట్టి బిగబట్టి చివరికి ఇలా బంధిస్తుంది. ఇదంతా గట్టిగానే చెప్పాను.

అంతా విని, "రేపు ఒక్క గంట ఇయ్యుండ్రి మేడం. గొట్టం కనవడకుంట శాలువా కప్పుత" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపే అవ్వ లేచింది. "నువ్వు కప్పుకోరా శాలువా! ఆ పంజరంల నువ్వు కూసో. పొద్దుగూకెదాంక పోసుకోకుంట ఉండు. నేనొచ్చి సెల్ఫీ దిగుత!"

మహిపాల్ కారు తాళాలు తీసుకుని వెళ్లిపోయాడు.

ఆదివారమంతా అవ్వ బొగ్గు పక్కనే కూర్చుంది. సాయంత్రం గొట్టం తీశాను. అసలు పరీక్ష అప్పుడే మొదలవుతుంది. పిల్లి తనంతట తాను పోయాలి, లేదంటే కథ మళ్లీ మొదటికొస్తుంది. ఇంతలో మహిపాల్ వచ్చాడు, భుజాన శాలువాతో.

"అందరు పిల్లి ఏది, పిల్లి ఏది అని పరేషాన్ జేసిండ్రు మేడం. దవఖానల ఉన్నదని నిజమే జెప్పిన."

"ఏమన్నారు?"

"రాలేదంటె అడ్డం రాలేదన్నట్టే గదా అని మస్తు బుకింగులు జేసుకున్నరు!"

నవ్వాపుకోలేకపోయాను. అంతలో బొగ్గు మెల్లగా లేచి ఇసుక ట్రే వైపు నడిచింది. "అటు తిరగండి!" అన్నాను. ముగ్గురం గోడ వైపు తిరిగి నిలబడ్డాం. డాక్టరు, అవ్వ, శాలువాతో రియల్టరు. ఎవరైనా చూస్తే ఏమనుకునేవాళ్లో. చాలాసేపు ఏ చప్పుడూ లేదు. అవ్వ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. తర్వాత ఇసుక గీకుతున్న చప్పుడు వినబడింది.

తిరిగి చూస్తే ఇసుక తడిసి ముద్దైంది. "పోసింది!" అని మహిపాల్ అరిచిన అరుపుకి బయట కూర్చున్న కుక్కలన్నీ మొరిగాయి. మరుక్షణం ఆ శాలువాతోనే కళ్లు తుడుచుకున్నాడు.

ఇప్పుడు ఏ పిల్లి వచ్చినా, ఏం తింటుందనేది తర్వాత అడుగుతాను. ముందు దాని చాటు ఎక్కడో అడుగుతాను. ఆ పాఠం నాకు బొగ్గు నేర్పింది. దాన్ని ఇంటికి తీసుకెళ్లే రోజు, పాపం మహిపాల్ కాస్త దిగులుగానే అన్నాడు, "అవ్వా, మస్తు పేరొచ్చె దీనికి."

అవ్వ పిల్లిని కొంగులో చుట్టుకుంది.

"పేరు మనకు గావాలె బిడ్డా. దానికింత ఇసుక వోసి, మనం మొకం అటు తిప్పుకుంటె సాలు."