నాసిక్ గుట్టల్లో మా ఉరుకుడు

గుట్టల మీద పరుగు పందానికి పోదామన్న ఆలోచన ఎవరిదని ఇప్పుడడిగితే మేం ముగ్గురం ఒకరినొకరం చూపించుకుంటాం. నిజానికి అది రాజేశ్వరక్కది. అక్క నవీపేట్ వైపు పల్లెల్లో ముప్పై ఏళ్లు నర్సమ్మగా పనిచేసి పోయినేడు రిటైరైంది. టీకాల డబ్బా భుజానికి తగిలించుకుని ఎంత దూరం నడిచిందో ఆమెకే తెలియదు. నేను బోధన్‌లో ఒక ప్రైవేటు బళ్లో లెక్కలు చెబుతాను. మూడో మనిషి స్వరూపకు మా వీధిలోనే టైలరింగ్ షాపు. పొద్దున్నే చక్కెర ఫ్యాక్టరీ రోడ్డు మీద కలిసి నడుస్తాం. నడక తక్కువ, మాటలు ఎక్కువ. ఒకరోజు అక్క ఫోన్ చూపించింది.

"నాసిక్ కాడ గుట్టల మీద ఉరుకుడు పోటీలంట. ఇరవయ్యొక్క కిలోమీటర్లు. నా పేరు రాసిన. నీది గూడ రాసిన సునీతా."

"నన్ను అడగకుండనేనా?"

"అడిగితే వద్దంటవని."

స్వరూప తెలివైంది. పది కిలోమీటర్లకే రాయించుకుంది.

మా వైపు నేలంతా చెరకు, వరి. గుట్టెక్కడం అలవాటు కావాలని రెండు ఆదివారాలు భీమ్‌గల్ వెళ్లి లింబాద్రి గుట్ట ఎక్కాం. రెండుసార్లూ దర్శనం చేసుకుని, పులిహోర తిని, ఆటోలో దిగాం. దాంతో సాధన పూర్తయిందనుకున్నాం.

శుక్రవారం మధ్యాహ్నం రెండింటికి బోధన్‌లో బస్సెక్కాం. ఆడవాళ్లకు జీరో టికెట్టు కాబట్టి నిజామాబాద్ దాకా ఖర్చు లేదు. సీటు కూడా లేదు. నాలుగున్నరకు ముంబయి రైలు. స్లీపర్ టికెట్లు నెల ముందే తీసుకోవడం మంచిది, ఆ తర్వాత దొరికితే అదృష్టమే. ఎదుటి సీట్లో నాందేడ్ వెళ్తున్న పెద్దాయన మా కొత్త బూట్లు చూసి, "షిర్డీకి నడుసుకుంట పోతున్నరా?" అని అడిగాడు.

"గుట్ట మీద ఉరుకుతం. మెడల్ ఇస్తరు," అంది అక్క.

"ఎనుక ఎవలన్న తరుముతుంటరా?" అన్నాడాయన. వెటకారమేమీ లేదు, తెలుసుకోవాలనే అడిగాడు.

శనివారం తెల్లారకముందే నాసిక్‌లో దిగాం. వెయిటింగ్ రూములో ఆరు దాకా కునికి, షేర్ జీపులో గంటన్నర వెళితే పోటీ జరిగే ఊరు. ఒక రైతు ఇంట్లో గది దొరికింది. మనిషికి ఆరు వందలు, రాత్రికి జొన్న రొట్టె, శనగపిండి కూర అందులోనే. సాయంత్రం చొక్కాలకు తగిలించే నంబర్లు తెచ్చుకోవడానికి పోయినప్పుడు గుట్టను మొదటిసారి సరిగ్గా చూశాం. స్వరూప కాసేపు తల పైకెత్తి చూసి, పదిని ఐదు చేయడం కుదురుతుందా అని కనుక్కొచ్చింది. కుదరదన్నారు.

ఆదివారం ఆరింటికి పరుగు మొదలైంది. కెమెరాలున్నంత దూరం అందరం ఉరికాం, ఆ తర్వాత అందరం నడిచాం. నియమం ఒకటే కఠినమైనది: పద్నాలుగో కిలోమీటరు దగ్గరి శిబిరానికి తొమ్మిదిన్నరలోపు చేరాలి. లేదంటే నంబరు తీసేసుకుని జీపులో కిందికి దించుతారు.

ఎక్కుడులో అక్క నాకు అందలేదు. ఐదో కిలోమీటరు దగ్గర నా కోసం ఆగి, "ముప్పై ఏండ్లు ఎవలెవలి కోసమో నడిసిన. ఇయ్యాల నా కోసం ఉరుకుతున్న," అంది. మెడల్ తగిలించడానికి టీవీ పైన మేకు కూడా కొట్టించి వచ్చిందట.

పదమూడో కిలోమీటరు దాటగానే, తొమ్మిదీ పదికి, దారి పక్కన ఒకాయన కూలబడి కనిపించాడు. పుణె మనిషి, నలభై ఏళ్లుంటాయి. చేతికి గుండె చప్పుళ్లు లెక్కపెట్టే గడియారం ఉంది. మా ముందు నలుగురు ఆయన్ని దాటుకుని పోయారు.

"కాయ్ ఝాలా భావూ?" ఏమైందన్నా అని మరాఠీలో అడుగుతూనే అక్క వంగి నాడి పట్టుకుంది.

నేను గడియారం చూశాను. ఇంకా ఇరవై నిమిషాలు, ముందంతా ఎక్కుడు. లెక్కల టీచర్ని కదా, లెక్క ముందొచ్చింది. "అక్కా, పైకి పోయి చెప్తె వాళ్లే వస్తరు," అన్నాను.

అక్క దారి వైపు ఒకసారి చూసింది, ఆయన వైపు ఒకసారి చూసింది. "చెయ్యి సల్లవడ్డది. ఇడిసిపెట్టి ఎట్ల పోత? నువ్వు పోయి జెప్పు."

ఆ మాట ఆమె రెండోసారి అనే అవసరం నేను రానివ్వలేదు.

తొమ్మిదీ ఇరవయ్యారుకు శిబిరం చేరి విషయం చెప్పాను. ఇద్దరు స్ట్రెచర్ తీసుకుని కిందికి పరుగెత్తారు. వాళ్లతో తిరిగి వెళ్లవచ్చు. కనీసం అక్క వచ్చేదాకా ఆగవచ్చు. నేను రెండు బెల్లం ముక్కలు తిని, మా వైపు బెల్లమే మేలని తీర్పిచ్చి, ముందుకు సాగాను.

పదకొండుకు కాస్త ముందు గీత దాటాను. మెడలో మెడల్ వేశారు. అప్పటికే తన పది పూర్తి చేసిన స్వరూప ఎదురొచ్చింది.

"అక్క ఏది?" అని అడిగాను.

"నీకన్న ముందే అచ్చింది, జీపుల. అగో, చాయ్ తాగుతుంది."

పదకొండు నిమిషాలు ఆలస్యంగా శిబిరం చేరిందట. నంబరు పీకిన చోట చొక్కాకు రెండు పిన్నులు ఇంకా వేలాడుతున్నాయి. ఆయనెలా ఉన్నాడని అడిగాను.

"మంచిగనే ఉన్నడు. కారుల పోయిండు. థాంక్సు గూడ చెప్పలే. వాచీల కిలోమీటర్లు సూస్కుంటుండు." ఆ కోపంలో దయ ఏ కోశానా లేదు. నేను మెడలోంచి మెడల్ తీశాను.

"ఈ మెడల్ నువ్వు తీస్కో అక్కా," అన్నాను.

తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, తిరిగిచ్చేసింది. "నేను మొత్తం ఉరికిన్నా? లే. నాకెందుకు? నువ్వు ఆగితె ఇద్దరిదీ పోతుండె. నీ లెక్క కరెక్టే."

తిట్టి ఉంటే బాగుండేది.

తిరుగు రైల్లో సోమవారం పొద్దున నాందేడ్ దాటాక ఒకాయన కంగారుగా మా పెట్టెలోకి వచ్చాడు. "డాక్టరు గని, నర్సు గని ఎవలన్న ఉన్నరా? మా అవ్వకు ఒకటే వాంతులు."

నేనూ స్వరూపా పై బెర్తు వైపు చూశాం. అక్క దుప్పటి తల మీదికి లాక్కుంది. "నేను లేను," అంది దుప్పటి లోపలి నుంచి.

నేనే లేచాను. పోటీలో ఇచ్చిన సంచిలో ఓఆర్‌ఎస్ ప్యాకెట్లున్నాయి. ఒకటి చింపి గ్లాసు నీళ్లలో పోయబోతుంటే దుప్పటి మాట్లాడింది. "గ్లాసుల గాదు, లీటరు నీళ్లల్ల. ముందుగాల చేతులు కడుక్కో. చెంచతోని కొద్దికొద్దిగ తాపు."

"పైనెవలు?" అని అడిగాడు ఆయన.

"మా అక్క. రిటైరైంది," అన్నాను.

ఆ ముసలమ్మకు నేను చెంచాతో తాపుతూ కూర్చున్నాను. నాందేడ్ నుంచి బాసర దాకా అన్ని స్టేషన్లూ అలాగే గడిచాయి. ఇరవయ్యొక్క కిలోమీటర్లకన్నా ఎక్కువసేపే పట్టినట్టనిపించింది. గోదావరి వచ్చేసరికి ఆమె లేచి కూర్చుని చాయ్ కావాలంది.

ఈ పోటీకి వెళ్లాలనుకునే వాళ్లకు నేను చెప్పగలిగింది కొంచెమే. టికెట్లు ముందే తీసుకోండి. బూట్లు కొత్తవి వేసుకోకండి. గుట్ట ఎక్కగలమా లేదా అన్నది అంత పెద్ద సంగతి కాదు, ఎవరితో వెళ్తున్నారో చూసుకోండి. నాతో మాత్రం కాస్త ఆలోచించి రండి.

మా వైపు పాతవాళ్లు ఇందూరు అనే నిజామాబాద్‌లో రైలాగింది. రాజేశ్వరక్క దుప్పటి మడిచి, బెర్తు దిగి, ఒళ్లు విరుచుకుంది.

"నాందేడ్ నుంచి ఇందూరు దాక మస్తు నిద్రవట్టింది," అంది.