సరిహద్దు గేటు దగ్గర ఆరు బండ్లు

అభా ఎయిర్‌పోర్టులో దిగేసరికి ఉదయం ఏడు ఇరవై. జనవరి. తొమ్మిది డిగ్రీలు, చుట్టూ పొగమంచు. సౌదీ అంటే ఇసుకే అనుకుని స్వెట్టర్ ఇంట్లో వదిలేసి వెళ్ళాను. అది కొండల మీద ఊరు. లడాఖ్‌లో రెండు శీతాకాలాలు డ్యూటీ చేసినవాణ్ణి, అక్కడ టాక్సీ కోసం వణుక్కుంటూ నిలబడ్డాను.

మాది గిద్దలూరు పక్కన పల్లె. ఆర్మీ సర్వీస్ కోర్‌లో పదిహేడేళ్ళు చేసి హవల్దారుగా రిటైరయ్యాను. ఆ తర్వాత చేసిన ఈ పద్నాలుగు నెలల డ్యూటీలో తుపాకీ లేదు, యూనిఫాం లేదు. అయినా ఊళ్ళో ఎవరైనా సర్వీసు కబుర్లు అడిగితే నాకు ముందు గుర్తొచ్చేది ఇదే.

పని ఇది. యూరప్‌లో ఒక చిన్న దేశం. పేరు చెప్పను. మన జిల్లా అంత జనం కూడా ఉండరు. యెమెన్‌లో ఒక ఆస్పత్రికి డయాలిసిస్ సామాను ఇస్తామని ఆ దేశం మాటిచ్చింది. సామాను ఓడలో జెద్దా వస్తుంది. అక్కణ్ణుంచి అభాలో గోడౌనుకు. నెలకోసారి ఆరు లారీలు సరిహద్దుకు వెళ్తాయి. ఆ కాన్వాయ్ నా బాధ్యత. సౌదీలో ఉండడానికి ఇచ్చే ఇకామా కార్డు మీద మాత్రం ‘డ్రైవర్’ అని ఉండేది.

గోడౌను ఇన్‌ఛార్జి ఆ దేశపు ఆవిడే. వాళ్ళ సైన్యంలో మేజరుగా చేసింది. మేం మేడం అనేవాళ్ళం. నాతోపాటు ప్రతి ట్రిప్పుకూ వచ్చేది మా దుబాసీ. హైదరాబాద్ టోలీచౌకి మనిషి, నలభై దాటాయి, అరబీ నీళ్ళలా మాట్లాడతాడు.

మొదటి వారమే మేడంని అడిగాను. “మీ దేశానికి ఇంత దూరంలో ఏం పని మేడం?”

“మాకు పెద్ద సైన్యం లేదు” అంది. “నలుగురిలో మా మాట చెల్లాలంటే, అన్నమాట తప్పని దేశం అనే పేరుండాలి. మా దగ్గరున్నది అంతే.”

అభా నుంచి నజ్రాన్, నజ్రాన్ నుంచి షరూరా, అది దాటాక గేటు. రెండు రోజుల దారి. మొదటి రోజు కొండలు, రెండో రోజు ఇసుక. బండికి రెండు స్టెప్నీలు, నలభై లీటర్ల నీళ్ళు, ఒక వైర్‌లెస్ సెట్టు. గాలి లేస్తే వేగం నలభై దాటకూడదు. పన్నెండు ట్రిప్పులు నడిపాను. ఒక్క పెట్టె పోలేదు.

పదమూడోది ఫిబ్రవరిలో. ఉదయం తొమ్మిది నలభైకి గేటు ముందు యార్డులో ఆగాం. మా బండ్లు గేటు దాటవు. అవతలి నుంచి ఆరు లారీలు వస్తాయి. బండ్ల వెనకలు ఒకదానికొకటి ఆనించి కూలీలు సామాను మారుస్తారు. ఒక్కో బండి నిండాక ఆస్పత్రి తరఫు మనిషి రసీదు మీద సంతకం పెడతాడు. పక్కనే నేనూ పెడతాను. రెండు సంతకాలూ పడితేనే సామాను వాళ్ళది. ఆస్పత్రి మనిషి యాభై ఏళ్ళ యెమెనీ డ్రైవరు. ప్రతిసారీ అతనే.

పది యాభై ఐదుకు రెండు బండ్లు అయిపోయాయి. మూడోది సగం ఎక్కింది. ఫోన్ మోగింది. మేడం.

“ఎన్ని అప్పగించావు?”

“రెండు. మూడోది సగంలో ఉంది.”

“ఆపు.”

“ఎందుకు మేడం?”

“మా రాజధాని నుంచి ఆర్డరు. కొత్త ప్రభుత్వం ఇకమీదట రెండే దేశాలకు సాయం చేస్తుందట. ఇది అందులో లేదు. సంతకం పడనిదేదీ ఇవ్వకూడదు.”

“సగం సరుకు వాళ్ళ బండి మీద ఉంది మేడం.”

“సంతకం పడిందా?”

“లేదు.”



“అయితే దించు. ఈ ఆర్డరు నాది కాదు. నీకు ఇస్తున్నది మాత్రం నేనే.”

“సరే మేడం.”

దుబాసీకి చెప్పాను. అతని మొహం మాడిపోయింది. “అన్నా, గిది నేనెట్ల జెప్పాలె ఆయనకు? నాకు నోరొస్తలేదు.”

“నువ్వు చెప్పకపోతే నాకొచ్చిన నాలుగు అరబీ ముక్కల్తో నేను చెప్పాల. అది ఇంకా అన్యాయం.”

చెప్పాడు. యెమెనీ డ్రైవరు అరవలేదు. జేబులోంచి మడతల కాగితం తీశాడు. రోగుల పేర్లు, ఏ రోజు ఎవరికి డయాలిసిస్ అన్నది వరసగా. వేలు పెట్టి చూపిస్తూ మెల్లగా మాట్లాడాడు.

“ఈ రెండు బండ్లు నెలంతా ఆదివారం బ్యాచికే సరిపోతయంట” అన్నాడు దుబాసీ. “సోమవారం బ్యాచోళ్ళకు ఏం జెప్పాలె అంటుండు.”

పెన్ను నా చేతిలో ఉంది. మూడో రసీదూ ఉంది. ఫోన్ రాకముందే సంతకాలు అయిపోయాయి అని నేనంటే కాదనేవాళ్ళు లేరు. మేడం కూడా అడిగేది కాదు. యెమెనీకీ అది తట్టిందనుకుంటాను. నా చేతివైపే చూస్తున్నాడు.

పెన్ను జేబులో పెట్టుకున్నాను. పదిహేడేళ్ళ అలవాటు.

కూలీల మేస్త్రీ బంగ్లాదేశీ. అతనికి అర్థం కాలేదు. “ఉస్తాద్, ఎక్కించాలా, దించాలా?” అని హిందీలో అడిగాడు.

“దించు.”

రెండు వందల పన్నెండు పెట్టెలు. గంటా పావు పట్టింది.

తిరుగు దారిలో చివరి బండి డ్రైవరు వైర్‌లెస్‌లో అడిగాడు. “సార్, నిండు బండ్లతో వెనక్కి ఎందుకు? ఓవర్.”

“ఆర్డర్. ఓవర్.”



మేడం గోడౌను గేటు దగ్గరే నిలబడి ఉంది. “నువ్వు సరిగ్గానే చేశావు” అంది, నా మొహం చూడకుండా. ఆ తర్వాత ప్రతిరోజూ తన రాజధానికి ఉత్తరం రాసేది. ఆ దేశాన్ని నేను తప్పు పట్టను. చిన్న ఖజానా, ఎన్నికల్లో గెలిచినవాళ్ళ ఇష్టం. మాట ఇచ్చినవాళ్ళు వేరు, వెనక్కి తీసుకున్నవాళ్ళు వేరు. మధ్యలో పెట్టెలు దించింది నేను.

మార్చిలో కాంట్రాక్టు ముగిసింది. పాస్‌పోర్టు మీద ఎగ్జిట్ ముద్ర కొట్టించుకుని ఇంటికొచ్చాను. ఏప్రిల్‌లో దుబాసీ ఫోన్ చేశాడు.

“ముందే కొన్న సామాను వరకు పంపొచ్చని పర్మిషన్ వచ్చిందన్నా. మేడం సాధించింది. నాలుగు బండ్ల సామాను నిన్న గేటు దాటింది.”

యాభై రెండు రోజులు. సోమవారం బ్యాచి సంగతి నేను అడగలేదు. అతనూ చెప్పలేదు.

లడాఖ్ మర్చిపోయాను. సర్వీసులో విన్న పేలుళ్ళ చప్పుళ్ళు మర్చిపోయాను. ఆ రోజు యార్డులో బండి స్టార్ట్ చేసి అద్దంలోకి చూసింది మాత్రం పోదు. సామాను మీద పట్టా బిగించడానికి యెమెనీ తెచ్చుకున్న తాళ్ళు నేలమీద బారుగా పరిచి ఉన్నాయి. అతను వంగి ఒకటి తీశాడు. ఇసుక దులిపాడు. మోచేతికీ అరచేతికీ మధ్య చుట్ట చుట్టి, కొస ముడివేసి, ఖాళీ లారీలో పెట్టాడు. తొందరేమీ లేదు. మళ్ళీ వంగి రెండోది తీశాడు.