చింతపండుతో తోమిన కడియం

ఈ ఉదయం నానబెట్టిన చింతపండు గిన్నె మూత తీయగానే ఆ పులుపు వాసనకి నోరూరింది, ఆ వెంటనే కుడిచేతి బొటనవేలు కలుక్కుమంది. పదిహేనేళ్లుగా జనం వీపులూ భుజాలూ నొక్కీ నొక్కీ చివరికి నా వేలే అరిగిపోయింది. మధురవాడలో ఉన్న నా ఫిజియోథెరపీ క్లినిక్కుకి వచ్చేవాళ్లలో సగంమంది సాఫ్ట్‌వేర్ పిల్లలే. వాళ్ల నొప్పులు తగ్గించాల్సిన మనిషి తన వేలు పట్టుకుని మూలిగితే ఏం బావుంటుంది? అందుకే తలుపులు తీయకముందే సింకు దగ్గర నిలబడి, చేతికున్న రాగి కడియం తీసి, చింతపండు పిప్పితో నిగనిగలాడేదాకా తోముతాను. రిసెప్షన్‌లో కూర్చునే అమ్మాయి ఇదేదో నా నిత్యపూజ అనుకుంటోంది. కాదని చెప్పాలంటే అప్పలరాజు మావయ్య సంగతి మొదటినుంచీ చెప్పాలి, అంత తీరిక ఎప్పుడూ దొరకదు.

చదువు పూర్తి చేసి నేను మొదటి క్లినిక్ పెట్టింది పెందుర్తిలో, ఆయన ఇంటి ముందుగదిలో. వరసకి మావయ్య కాదు, ఇంటి ఓనరు. ఉక్కు ఫ్యాక్టరీలో కాలిపోయిన మోటార్లకి కొత్తగా రాగి తీగ చుట్టే షాపులో ఫోర్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి. పెద్ద బొజ్జ, పెద్ద గొంతు, నడిస్తే కిర్రుమనే మోకాళ్లు. పాత సామాన్ల కొట్టులో లావుపాటి రాగి తీగ కొనుక్కొచ్చి, కాల్చి, సుత్తితో సాపు చేసి, ఇనప గొట్టం మీద వంచి కడియాలు చేసేవారు. అబ్బా అన్న ప్రతివాళ్లకీ ఒకటి ఊరికే తొడిగేవారు. వీధిలో ఎవరైనా కాలికి రాయి తగిలి అబ్బా అన్నా ఆయన గొట్టం వెతికేవారు. తొడిగాక పథ్యం చెప్పడం మాత్రం మరిచేవారు కాదు.

"పొద్దున్నొకపాలి, సాయంత్రమొకపాలి సింతపండుతో తోమాల. మొకం కనబడాల. ఒక్క మచ్చ ఉన్నా పనిసెయ్యదు. ఎవలిసేతా తోమించీకూడదు, సొంత సేత్తోనే తోమాల. ఇంటన్నావా?"

వినకపోతే ఊరుకోరు. దారిన పోయేవాళ్ల చెయ్యి పట్టుకుని కడియం తిప్పి చూసి, నల్లబడి ఉంటే నలుగురి ముందూ ఊడబెరికేసేవారు. ఆ పరువు పోతుందన్న భయానికే కాలనీ అంతా చింతపండు మామూలుకన్నా ఎక్కువ కొనేదని నా అనుమానం.

నా సంగతి చూడండి. గోడకి సర్టిఫికెట్, దాని పక్కన అస్థిపంజరం బొమ్మ, బల్లమీద వేళ్లతో పిసకడానికి రంగురంగుల రబ్బరు బంతులు. జనం నా గదిలోకి వచ్చి, ఫ్యాను కింద చెమటార్చుకుని, నేనిచ్చిన మంచినీళ్లు తాగి, "రాజు బాబాయ్ లేరేటి?" అని అడిగి అరుగుమీదకి వెళ్లిపోయేవారు. నాకు ఒళ్లు మండిపోయేది. అలా వెళ్లిపోకుండా నా దగ్గరే ఉండిపోయిన పేషెంటు ఎదురింటి రత్నం అక్క ఒక్కతే. ఆవిడ టైలరు. కాలనీలో సగం జాకెట్లు, పక్కనున్న చర్చివాళ్ల పండుగ గౌన్లు అన్నీ ఆవిడ చేతిమీదే వెళ్లాలి. అలాంటిది వేళ్లు బిగుసుకుపోయి కత్తెర పట్టలేకపోతోంది. ఆ కత్తెర ఆగితే ఆ ఇల్లు నడవదు. నేను పది వ్యాయామాలున్న చార్టు, ఒక పచ్చ బంతి ఇచ్చి పంపాను. నెల తిరిగేసరికి వేళ్లు చక్కగా ముడుస్తోంది, తెరుస్తోంది. నా ఆనందానికి పట్టపగ్గాల్లేవు.

"చూశావా అక్కా, రోజూ బంతి పిసికితే ఎలా ఉందో!"

"బంతేదమ్మా? అది తెచ్చిన్నాడే మా కుక్క ఎత్తుకుపోనాది" అంటూ చీర కొంగు సర్దుకుంది. సర్దుకున్న చేతికి రాగి కడియం, అద్దంలా.

మూడు రోజులు నాకు అన్నం సయించలేదు. నాలుగో రోజు ఒక ఉపాయం తట్టింది. రత్నం అక్క మణికట్టు మీద కడియం వల్ల ఆకుపచ్చ చార పడింది. కడియానికి పారదర్శకంగా ఉండే గోళ్ల రంగు రెండు పూతలు వేస్తే చార పడదని, నల్లబడదని, తోమే పనే ఉండదని చెప్పాను. అబద్ధం ఒక్కటీ లేదు. మనసులో లెక్క మాత్రం వేరే. రంగు పూస్తే రాగి ఒంటికి తగలదు. తగలకపోయినా వేళ్లు బాగానే ఉంటే, మావయ్య నోరు మూయించవచ్చు. పాపం రత్నం అక్క ఎంత సంబరపడిందో, నా గదిలోనే కూర్చుని పూయించుకుంది.

మూడు వారాలు గడిచాయి. డిసెంబరు వచ్చింది, ఆవిడ మిషను చుట్టూ క్రిస్మస్ గుడ్డలు గుట్టలుగా పడ్డాయి. ఒక పొద్దున కత్తెర ఎడమచేత్తో పట్టుకుని వచ్చింది. కుడిచేతి వేళ్లు సగంలో ఆగిపోయాయి.

"ఏళ్లు ముడుసుకోట్లేదమ్మా. గౌన్లన్నీ అలాగే ఉండిపోనాయి. ఏటి సేసేది నాను?"

అరుగుమీద ఉన్నవాళ్లంతా ఆ కడియం మీది పూత చూసి అప్పటికప్పుడు తీర్పు చెప్పేశారు. రంగు పూస్తే రాగి పనిచేయదు, కాబట్టి రాగిలో మహత్తు ఉన్నట్టే. నా ప్రయోగం నా ముఖంమీదే పేలింది. దానికన్నా, ఆవిడ కళ్లలో నీళ్లు చూసి సిగ్గుతో చచ్చిపోయాను. పంతం నాది, నష్టం ఆవిడది.

జనం వెళ్లాక, స్నానం ముగించి అప్పుడే బయటికి వచ్చిన మావయ్య దగ్గరికి వెళ్లి మొత్తం ఒప్పేసుకున్నాను. గది ఖాళీ చెయ్యమంటారని సిద్ధపడే వెళ్లాను. 

"గోళ్ల రంగా?" అన్నారు. ఇక బొజ్జ ఊగిపోయేలా, దగ్గు వచ్చేదాకా నవ్వారు. తరవాత నల్లగా మారిన కడియం ఒకటి, చింతపండు ముద్ద నా చేతిలో పెట్టి, "తోము" అన్నారు. తోమాను. "లోపలేపు కూడా" అన్నారు. బొటనవేలు వంపు వెంట జరిపి, వేళ్లన్నీ బిగించి, వదిలి, మళ్లీ బిగించి, మణికట్టు తిప్పి తోముతూ ఉంటే ఎక్కడో చూసినట్టు అనిపించింది. నా చార్టులోని పది వ్యాయామాలూ వరసగా వచ్చేస్తున్నాయి. చెయ్యి ఆగిపోయింది.

"ఏటి, ఆగిపోనావ్?"

"మావయ్యా, ఇది మీకు ముందే తెలుసా?"

"బిగుసుకుపోయిన మోటారుని సేత్తో కొంచెం కొంచెం తిప్పి వదులు సేత్తాం. మనుసుల్ని తిప్పుకోమంటే తిప్పుకోరమ్మా. మెరవాలంటే మాత్రం రెండుపూటలా తోముతారు."

"అయితే రాగిలో ఏమీ లేదన్నమాట!"

"ఎవులన్నారు లేదని? రాగి రాగే" అని కసిరి, తన రెండు చేతులకీ ఉన్న కడియాలు గలగలలాడించారు. ఆ మనిషి దేన్ని ఎంతవరకు నమ్మేవారో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ సాయంత్రమే రత్నం అక్క ఇంటికి వెళ్లి, నా చేత్తో ఆ రంగంతా వదలగొట్టి, ఎందుకు పూయించానో చెప్పి క్షమించమన్నాను. ఆవిడ కడియం తీసుకుని తోమడం మొదలుపెట్టింది. నేను రెండుపూటలా వెళ్లి పక్కన కూర్చుని, వేడినీళ్ల కాపడం పెట్టి, కత్తిరించాల్సినవన్నీ ఆవిడ గీసిన గీతల వెంట కత్తిరించాను. పండుగ వారం ఉందనగా కత్తెర మళ్లీ ఆవిడ కుడిచేతికి వచ్చింది. గౌన్లన్నీ అందాయి. తరవాత నాకు కుట్టిన జాకెట్ చేతులు ఎంత బిగుతుగా ఉన్నాయంటే, వేసుకున్నాక భుజం ఎత్తలేకపోయాను. పొరపాటో, కోపమో అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

ఇంత తెలిసిన మావయ్య తన మోకాళ్ల విషయంలో మాత్రం మొండి. జంక్షన్ దాకా నడిచివెళ్లి వేడివేడి పెసరట్టు తినాలని ఉండేది, వీధి మలుపు దాకా కూడా వెళ్లలేకపోయేవారు. కాలు చాచి ఎత్తమంటే దొంగనిద్ర పోయేవారు. నేనే ఆయన గొట్టాలు వెతికి, ఇంకొంచెం లావు గొట్టం సంపాదించి, వంకరటింకరగా ఒక కాలి కడియం వంచి తీసుకెళ్లాను.

"కాలు గాలిలో చాచి ఉంచి తోమాలి మావయ్యా. కింద ఆనిస్తే పనిచేయదు. ఒక్క మచ్చ ఉన్నా పనిచేయదు."

కడియంవైపు, నావైపు చూశారు. "నా మందు నాకే ఏత్తన్నావా డాక్టరమ్మా?"

"అవును."

"గోళ్ల రంగు పుయ్యనేదు గదా?" అని కాలు చాచారు.

రెండు నెలలకి జంక్షన్ చేరారు. పెసరట్టు మాడిపోయిందని తిట్టుకుంటూ తిరిగివచ్చి, నాకూ ఒకటి పొట్లం కట్టించి తెచ్చారు. ఆయన ఉన్నన్నాళ్లూ ఆ నడక ఆగలేదు. ఆయన పోయాక వాళ్లావిడ, అత్తయ్యగారు, ఆ కాలి కడియం నా చేతిలో పెట్టారు. నేను వంచిన వంకర వంకరగానే ఉంది, మచ్చ మాత్రం ఒక్కటీ లేదు. దాన్ని పట్టుకుని నేను చాలాసేపు ఏడ్చాను. తరవాత దాన్నే చిన్నది చేయించి చేతికి వేసుకున్నాను. ఇప్పటికీ రాగి కీళ్లనొప్పులు తగ్గిస్తుందా అని ఎవరడిగినా, నిజాయితీగా, తగ్గించదనే చెబుతాను.

ఈ రోజు మొదటి పేషెంటు, మౌస్ పట్టుకుని పట్టుకుని వేళ్లు పట్టేసిన కుర్రాడు. ఇచ్చిన చార్టు ఏదంటే ఫోన్లో ఫొటో తీసుకున్నానన్నాడు. బంతి ఏదంటే తల గోక్కున్నాడు. నా చేతివైపు చూసి, "మేడమ్, అది పనిచేస్తుందా?" అన్నాడు.

నేను సొరుగు లాగి, అతని మణికట్టుకి సరిపోయే కడియం వెతుకుతూ చెప్పాను. "సొంత చేత్తోనే తోమాలి. ఒక్క మచ్చ ఉన్నా పనిచేయదు."