ఉప్పు చూడని చారు

కరువు రెండో ఏట తపస్సు కాలం వచ్చేసరికి మా ఉదయగిరిలో జొన్నలు దొరకడం కష్టమైంది. మాంసం మాత్రం దొరికేది. మర్రిపాడు వైపు మేత లేక జనం గొర్రెల్ని కోసేసుకుంటున్నారు. మాది కతోలిక ఇల్లు. విభూది బుధవారం నుంచి ఏసు తిరిగి లేచిన పాస్కు పండగ దాకా మాంసం ముట్టము. ఒక్కపొద్దు ఉంటాము.

అప్పటికి నా కూతురు నెలల పిల్ల. పల్చటి అంబలి తాగీ తాగీ నాకు పాలు తగ్గిపోయాయి. అది కాసేపు చప్పరించి, వదిలేసి, ఏడవడానికి ఓపిక లేక నా ముఖం చూసేది.

పక్కింటి గొర్రెలకాపరి భార్య మాంసం ఇవ్వబోతే మా అత్త వద్దంది, ఒక్కపొద్దులని చెప్పింది.

"గింజల్లేని ఏట మళ్లా ఒక్కపొద్దేంది పెద్దమ్మా? ఊరంతా ఉంటానే ఉండాం గదా" అని నవ్వి వెళ్లిపోయిందామె.

నేను మద్రాసు కాన్వెంటులో చదువుకున్నాను. బాలింతకు ఒక్కపొద్దు అక్కర్లేదని తెలుసు. మాంసానికి మాత్రం స్వాములవారి, అంటే ఫాదరుగారి, సెలవు కావాలి. అది లేకుండా తింటే ఆ పాపం బిడ్డకు తగులుతుందేమోనని భయం. ఇప్పుడు కూడా, ఇది రాస్తూ, నిద్రపోతున్న దాని ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తున్నాను.

ఆత్మకూరుకు స్వాములవారు వస్తారని విని మా ఆయన నడిచి వెళ్లారు. కాళ్లు బొబ్బలెక్కి తిరిగొచ్చారు. దారిలో వాంతిభేదులని స్వాములవారు నెల్లూరు నుంచి బయలుదేరనే లేదట.

అత్త బిడ్డ తొడ మీది చర్మాన్ని రెండు వేళ్లతో పట్టి చూసింది. తర్వాత తనే పక్కింటికి నడిచింది.

మాంసం చారు కాచి ముందు పెడితే నేను తాగనన్నాను.

"స్వాములోరు వచ్చినప్పుడు ఈ పాపం చెప్పుకోని పాపసంకీర్తనం నేను చేసుకుంటా. వండింది నేను, పెట్టింది నేను. నువ్వు తాగమ్మాయ్."

ఉప్పు సరిపోయిందో లేదో నాలుక మీద వేసుకుని చూసినా మాంసం ముట్టినట్టేనని అత్త లెక్క. చేతికొచ్చినంత వేసేది. ఒకరోజు నోట పెట్టలేనంత ఉప్పు, మర్నాడు అసలే ఉండదు. ఎట్టుండాదని అడిగితే బాగుందనేదాన్ని. తన అంబలిలో మాత్రం ఉప్పు మానేసింది. ఎందుకని అడిగితే, నీ బదులు అంది.

పాస్కుకు వారం ముందు, మ్రానికొమ్మల ఆదివారానికి బిడ్డ ఒక రొమ్ము తాగేసి, రెండోదాని కోసం ఇల్లెగిరిపోయేలా ఏడ్చింది. నేను కంగారుగా లేచాను.

"ఎత్తుకోబాక" అంది అత్త పొయ్యి దగ్గర నుంచి. "కాసేపు ఏడవనీ. ఇనాలని ఉండాది."