జంగయ్య కొన్న స్పీడు ఫోను

జంగయ్య పదిహేనేళ్లుగా సినిమాల్లో ఉన్నాడు. ఏ సినిమాలో అని మాత్రం అడగకండి, వెతికి చూపించడం అతని తరం కూడా కాదు. హీరో పెళ్లిలో మూడో వరస, కోర్టు సీన్లో వెనక బెంచీ, విలన్ మీటింగులో చప్పట్లు. జూనియర్ ఆర్టిస్టు బతుకంటే అదే. అయినా మనిషికి ఆశ చావలేదు. నలభై దాటినా జుట్టుకు రంగేసుకుని, అద్దం ముందు డైలాగులు చెప్పుకునేవాడు.

అతని పక్క గదిలో అనసూయమ్మ అద్దెకుంటుంది. ఆమెదీ అదే పని. వేల పెళ్లిళ్లకు అక్షింతలు వేసిన చెయ్యి ఆమెది, అన్నీ సినిమా పెళ్లిళ్లే. ఇన్నేళ్లలో ఆమెకు నోరు తెరిచే వేషం ఒక్కటీ రాలేదు. "పోయేలోగా ఒక్కసారి కెమెరా ముందు నాలుగు మాటలు చెప్పాలి నాయనా" అనేది. ఆమె చిన్న ఫోను వానలో తడిసి మూలపడ్డాక, జూనియర్లను షూటింగులకు పంపే ఏజెంటు బాబీకి జంగయ్య నంబరే ఇచ్చింది. ఆమెకు కబురు రావాలన్నా, పోవాలన్నా ఇక జంగయ్య ఫోనే దిక్కు.

ఆ ఫోను ముసలిదైపోయింది. బాబీ రాత్రి గ్రూపులో "రేపు పెళ్లి సీను, పట్టుబట్టలు, ముప్పై మంది" అని పెడితే, ముందుగా పేరు పెట్టినవాళ్లకే పని. జంగయ్య ఫోను గిరగిర తిరిగి తిరిగి ఆ మెసేజ్ తెరిచేసరికి ముప్పై పేర్లూ నిండిపోయేవి. దాంతో కొత్తది కొందామని శ్రీనగర్ కాలనీ దారిలో ఉన్న కొట్టుకి వెళ్లాడు. సలహాకు అనసూయమ్మను వెంటబెట్టుకెళ్లాడు.

కొట్టతను రెండు ఫోన్లు ముందు పెట్టాడు. ధర ఒకటే. ఒకటి ఇటుకలా బరువు, రెండు రోజులు ఛార్జింగ్ ఆగుతుంది, కానీ నిదానం. రెండోది నొక్కగానే తెరుచుకుంటుంది, కెమెరా కూడా బాగుంది, కాకపోతే మధ్యాహ్నం దాటితే నీరసపడుతుంది.

"ఛార్జింగ్ ఆగేది తీసుకో నాయనా. పొద్దస్తమానం బయటే ఉంటాం. సెట్లో మనల్ని ప్లగ్గు దగ్గరికి రానిస్తారా?" అంది అనసూయమ్మ.

"గిది స్పీడుంటది పెద్దమ్మా. మెసేజ్ పడంగనే మనిద్దరి పేర్లు ముందుగాల పడ్తయ్" అన్నాడు జంగయ్య.

అది నిజమే. పూర్తి నిజం మాత్రం కాదు. ఆడిషన్ వీడియోలకు ఆ కెమెరా పనికొస్తుందని అతని మనసులో ఉంది. అది ఆమెకు చెప్పలేదు.

కొన్నాళ్లు బాగానే గడిచింది. పేర్లు ముందే పడ్డాయి, పనులు దొరికాయి. తర్వాత ఒకనాడు జూబ్లీ హిల్స్‌లో ఒక పెద్ద బంగళాలో పెళ్లి షూటింగు. ఆ పొద్దున్నే ఎవరో అసిస్టెంటు డైరెక్టరు జంగయ్యకు మనిషితో ఒక సీను కాగితం పంపాడు. కొడుకు వేషానికి ఆడిషన్, సాయంత్రానికల్లా వీడియో పంపాలి. భోజనాలయ్యేసరికి ఫోనులో ఛార్జింగ్ అడుగంటింది. ప్లగ్గు అడిగితే జనరేటర్ మనిషి కసురుకున్నాడు. ఫోన్లూ మెసేజ్‌లూ వస్తుంటే ఉన్నది కూడా కరిగిపోతుందని జంగయ్య ఫ్లైట్ మోడ్‌లో పెట్టేశాడు. ఇక ఏ కబురూ రాదు. అనసూయమ్మకు వచ్చే కబురు కూడా రాదని అతనికి తట్టింది. ఒక్క గంటే కదా అనుకున్నాడు.

భోజనాల తర్వాత జూనియర్లతో సీను లేదు. కారవాన్ నీడలో ఆమె చేతికే ఫోనిచ్చి వీడియో తియ్యమన్నాడు. తల్లి మాటలు కూడా ఆమెనే చెప్పమన్నాడు.

"ఎక్కడికిరా? నామీద కోపముంటే ఉండనీ, అన్నం మీద అలగొద్దు" అంది అనసూయమ్మ, కాగితం వంక ఒక్కసారి చూసి.

జంగయ్య తన మాట మరిచిపోయాడు. అంత బాగా చెప్పింది. మళ్లీ తీశారు, మళ్లీ తీశారు. ఆ గంట కాస్తా పొద్దుగూకేదాకా సాగింది.

సాయంత్రం ఫిల్మ్ నగర్ టీకొట్లో ఛార్జర్ తగిలించి, ఫ్లైట్ మోడ్ తీసి, వీడియో పంపాడు. వెంటనే బాబీ మెసేజ్‌లు వరసగా పడ్డాయి. అనసూయమ్మను అర్జంటుగా కొండ కింద స్టూడియోకు పంపు. అమ్మమ్మ వేషం, రావలసిన ఆవిడ రాలేదు, డైలాగుంది. కారు పంపనా? ఎక్కడ చచ్చావయ్యా? ఆఖరిది, వేరే ఆవిడను పంపేశాను.

ఎదురుగా అనసూయమ్మ టీ ఊదుకుంటూ తాగుతోంది. దాచే వీలు లేదు, రేపు బాబీయే చెబుతాడు. జంగయ్య మెసేజ్‌లు చదివి వినిపించాడు. తర్వాత, "ఛార్జింగ్ అయిపోయింది పెద్దమ్మా" అన్నాడు.

ఆమె గ్లాసు కింద పెట్టింది. "పోనీలే. ఛార్జింగ్ నీ చేతుల్లో ఉందా?" అంది.

ఆ రాత్రి అతనికి అన్నం దిగలేదు. తిట్టినా బాగుండేదనుకున్నాడు.

తెల్లారి కృష్ణానగర్‌లో జూనియర్లను ఎక్కించుకునే బస్సు దగ్గర బాబీ అందరి ముందూ ఎగిరాడు. "జేబులో అంత ఫోనుండి ఏం లాభమయ్యా! ముసలావిడ నోటికాడ కూడు తీశావు."

"అబ్బాయినేం అనకండి బాబీగారూ. నా కోసం ఎంత చేస్తాడో మీకేం తెలుసు?" అని అనసూయమ్మ అడ్డం వచ్చింది.

జంగయ్య ముఖం మాడిపోయింది. జనంలో తలెత్తలేక గబగబా బస్సెక్కి కూర్చున్నాడు. ఆమె వచ్చి పక్కనే కూర్చుంది, తన డబ్బాలోంచి రెండు ఇడ్లీలు తీసి పెట్టబోయింది. ఇక అతని వల్ల కాలేదు.

"ఛార్జింగ్ అయిపోలేదు పెద్దమ్మా. నా వీడియో కోసం నేనే బంద్ పెట్టిన. నీకు ఫోనొస్తదేమోనని యాదికొచ్చింది. అయినా బంద్ పెట్టిన."

అనసూయమ్మ డబ్బా మూత పెట్టేసింది.

"ఫోను నా చేతిలో ఉన్నప్పుడేనా బాబీ కబురు పెట్టింది?"

"అవు."

బస్సు జూబ్లీ హిల్స్ చెక్‌పోస్టు దాటి పైకెక్కింది. ఆమె కిటికీలోంచి చూస్తూనే అడిగింది. "ఆ వీడియోలో నా గొంతు కూడా ఉందా?"

"ఉంది."

"వినిపించు."

జంగయ్య ఫోను తీసి ఆమె చెవి దగ్గర పెట్టాడు. జంగయ్య మాటలు వస్తున్నంతసేపూ ఆమె బయటికే చూసింది. తల్లి మాటలు రాగానే కళ్లు మూసుకుంది. అయిపోయాక మళ్లీ పెట్టమంది. పెట్టాడు.

"బాగానే చెప్పాను కదూ" అంది.

జంగయ్య తలూపాడు. ఆమె కళ్లు తెరవలేదు.