టపాసులు కాల్చని ఊరు

మా తమ్ముడు యోహాను చొక్కా టపాసుల మందు వాసన వేస్తుంది. పండగ రోజు వాసన కాదు, పండగ మర్నాడు వాకిలి ఊడుస్తుంటే కాలిన కాగితం ముక్కల్లోంచి లేచే ముదురు వాసన. విమానాశ్రయంలో డ్యూటీ దిగి ఇంటికొచ్చి, బండి స్టాండు వేసి, నేరుగా పెరట్లోకి పోయి, ఆ చొక్కా విప్పి గుమ్మానికి దూరంగా దడి మీద ఆరేసి, మోచేతుల దాకా సబ్బు రుద్దుకుంటే గాని వాడు లోపలికి రాడు. అమ్మను చూడటానికి నెల్లూరు నుంచి నేను వెళ్ళినప్పుడల్లా ఇదే తంతు. వాడి ఉద్యోగం పక్షుల్ని తోలడం. రన్‌వే పక్కన జీపులో తిరుగుతూ, కొంగ గాని గూడబాతు గాని కనిపిస్తే పెద్ద టపాసు పేల్చి బెదరగొట్టాలి. బయటివాళ్ళకు ఇందులో వింతేమీ ఉండదు. వింతంతా మా ఊరి సంగతి తెలిసినవాళ్ళకే.

మాది సముద్రపు గాలి తిరిగితే పెదవికి ఉప్పు తగిలేంత దూరంలో ఉన్న పల్లె. ఊరికి తూర్పున చెరువు, ఆ నీళ్ళలోనే మొదళ్ళు మునిగి నిలబడ్డ కడప చెట్లు. దసరా దాటి వానలు పట్టుకుని, చెరువు నిండి, వాకిళ్ళు పాచిపట్టి కాళ్ళు జారే రోజుల్లో ఎక్కడి నుంచో నత్తగుల్ల కొంగలూ గూడబాతులూ గుంపులుగా వచ్చి ఆ చెట్ల మీద దిగేవి. గూళ్ళు కట్టి, గుడ్లు పొదిగి, పిల్లలకు రెక్కలొచ్చిందాకా సాకి, ఎండలు ముదరకముందే వెళ్ళిపోయేవి. అన్నాళ్ళూ ఊరంతా చేపల కంపు, రెట్టల కంపు, కొత్త కోడళ్ళు ముక్కు మూసుకుని నీళ్ళకు పోయేవాళ్ళు. రెట్టలు కలిసిన ఆ నీళ్ళు పారిన మళ్ళలో వరి దుబ్బు కట్టేది కాబట్టి రైతులెవరూ దాన్ని కంపు అనేవాళ్ళు కారు.

మా నాయన తల్లి, మా అవ్వ, వాటిని పక్షులు అని ఏనాడూ అనలేదు. "ఆడబిడ్డలొచ్చినారు" అనేది. పుట్టింటికి పురిటికొచ్చిన కూతుళ్ళన్నమాట. తొలి గుంపు దిగిన రోజు హిందువుల ఇల్లైనా, సాయిబుల ఇల్లైనా, మాలాంటి కిరస్తానీ ఇల్లైనా ప్రతి పొయ్యి మీదా బెల్లం అన్నం ఉడికేది. తొలి గరిటె విస్తరాకులో పెట్టి చెరువు కట్ట మీద ఉంచి రావాలి, అది ఆడబిడ్డల పాలు. చేపలు తినే కొంగలు బెల్లం అన్నం ఎక్కడ తింటాయి, మేము కట్ట దిగేలోపలే కాకులూ కుక్కలూ తినేసేవి. అదేందవ్వా అంటే, "పెట్టడం మన వంతు. తినేదీ తినందీ వాళ్ళిష్టం. గమ్మునుండు" అనేది. ఆదివారం ఆదివారం చర్చిలో ముందు వరసలో కూర్చునే మా అవ్వకు ఇందులో తప్పేమీ కనిపించలేదు. పాస్టరుగారూ తప్పనలేదు, ఆ రోజు ఆయనింట్లోనూ బెల్లం అన్నమే మరి.

పురిటాలున్న ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడరు కదా, ఆ నెలల్లో ఊరు ఊరే గొంతు తగ్గించేది. పెళ్ళి మేళం కట్ట దగ్గరికి రాగానే ఆగిపోయేది, అంత సోకు చేసుకున్న పెళ్ళికొడుకూ కట్ట దాటిందాకా దొంగలా నడవాల్సిందే. శవం ముందు డప్పు కూడా అక్కడ ఆగేది. దీపావళికి దీపాలే, టపాసుల్లేవు. ఇవన్నీ నాకు పట్టేవి కావు, నా ఏడుపల్లా క్రిస్మస్ గురించే. వెదురు బద్దలకు రంగు కాగితం అంటించి స్టారు కట్టేవాళ్ళం, కజ్జికాయలూ అరిసెలూ గులాబీ పువ్వులూ డబ్బాల నిండా ఉండేవి, ఇంటింటికీ పాడుకుంటూ పోయే గుంపు కట్ట మీద డోలక్ చంకన పెట్టుకుని అడుగులో అడుగేసేది. అన్నీ ఉండి ఒక్క టపాసు ఉండేది కాదు. గూడూరులో మేనమామ పిల్లలు వీధంతా దద్దరిల్లేట్టు కాల్చుకుంటారని తెలిసి నేను రాగాలు పెట్టేదాన్ని. నాకు ఇప్పటికీ తలుచుకుంటే ఉక్రోషమే.

ఒక ఏడు ఆ మేనమామే పండక్కి మా ఇంటికొచ్చాడు. ఊరి పద్ధతి ఆయనకు ఎవరూ చెప్పలేదు, చెప్పాలని ఎవరికీ తోచనూ లేదు, ఎందుకంటే అది తెలియని మనిషి ఉంటాడని మాకు తెలియదు. పొద్దున్నే పిల్లల సంబరం కోసమని సీమటపాకాయల దండ తీసుకుపోయి కట్ట మీద అంటించాడు. చెట్లన్నీ ఒక్కసారిగా ఖాళీ అయ్యాయి. ఆకాశం నిండా రెక్కలు, నీళ్ళలో టపటపా రాలుతున్న గుడ్లు, ఇంకా బొచ్చు రాని పిల్లలు. అవ్వ కట్ట మీదికొచ్చి చూసి, "పురిటాలి మంచం కింద కాల్చినావు గదయ్యా" అంది, అంతే. ఆ రోజు మా ఇంట్లో పండగ వంట చెయ్యలేదు. మేనమామ సాయంత్రం బస్సు దాకా వాకిట్లో తల వంచుకుని కూర్చున్నాడు.

రాలిన పిల్లల్లో ఒకదాన్ని మా యోహాను ఇంటికి తెచ్చాడు. అప్పటికి వాడింకా బడికి పోయేవాడు కాదు. గంపలో గడ్డి పరిచి, చిన్న చేప పిల్లల్ని నోట్లో నమిలి మరీ పెట్టేవాడు. దాని పక్కనే పడుకునేవాడు. అది చచ్చిపోతే వాడికి జ్వరం వచ్చింది, ఎంతకీ తగ్గక అమ్మ ప్రార్థన పెట్టించింది. వీడిది పావురం గుండె, వీడు ఎట్టా బతుకుతాడో అని మా నాయన దిగులు పడేవాడు.

ఎట్టా బతుకుతున్నాడో చూడకుండానే నాయన పోయాడు, అదొక మేలు. మొదట చిన్న విమానాశ్రయమే వచ్చింది, రోజుకొక విమానం, చూడటానికి జనం తిరునాళ్ళకు పోయినట్టు పోయేవాళ్ళు. తర్వాత పెద్ద టెర్మినల్, రొయ్యలు ఎగుమతి చేసే గోడౌన్లు, ఇప్పుడు రన్‌వే పొడిగింపు. మా పొలం అందులోకి పోయింది, పొలానికి బదులు ఇంటికొక ఉద్యోగం అన్నారు, వాడికి ఇది వచ్చింది. చెరువు సగం విమానాశ్రయం గోడ అవతల పడింది. విమానాలు దిగే దారిలో ఉన్న కడప చెట్లు కొట్టేశారు. మిగిలినవి నాలుగు మూలలా ఉన్నాయి. కట్ట ఎక్కాలంటే పాసు కావాలట.

"నేను గాకుంటే ఇంకొకడు పేలుస్తాడు గదక్కా" అన్నాడు ఒకసారి. "నేనైతే ముందు హారన్ కొడతా, చేతులూపుతా. అప్పటికీ పోకుంటేనే అంటిస్తా. ఒక్క కొంగ ఇంజన్లో పడిందంటే ఎంతమంది ప్రాణాలో." కంటి ఆపరేషనుకు నేనూ ఆ విమానమే ఎక్కి హైదరాబాదు పోయాను. కిటికీలోంచి చూస్తే కింద చెరువు, గోడ పక్కన ఒక జీపు, దాని పక్కన చిన్న పొగ. నా విమానం క్షేమంగా లేవాలని మా తమ్ముడు కాల్చిన టపాసు అది. ఎవర్ని తిట్టాలో తెలియక కళ్ళు మూసుకున్నాను.

ఈ ఏడు తొలి గుంపు వచ్చిన రోజు నేను ఊళ్ళోనే ఉన్నాను. ముసురు పట్టి ఉంది. పొద్దుటి నుంచీ గోడ అవతల పేలుళ్ళు, ప్రతి పేలుడుకీ అమ్మ పొయ్యి ముందు ఉలిక్కిపడుతోంది, అయినా బెల్లం కోరడం మాత్రం ఆపలేదు. ఊళ్ళో ఇప్పుడు ఆ అన్నం వండేది మా ఇంట్లోనే అనుకుంటాను, మిగతా పొయ్యిల నుంచి ఆ వాసన రాలేదు. మధ్యాహ్నం యోహాను వచ్చాడు. చొక్కా దడి మీద వేశాడు, చేతులు కడిగాడు, మళ్ళీ కడిగాడు.

"వచ్చినారా?" అంది అమ్మ.

"వచ్చినారు."

"దిగినారా?"

వాడు తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు. "దిగనీలేదమ్మా" అన్నాడు.

అమ్మ పొయ్యి మీంచి అన్నం దించింది. తొలి గరిటె విస్తరాకులో పెట్టింది. ఏటా పెట్టినట్టే పెట్టి, ఆ ఆకు చేత్తో పట్టుకుని గుమ్మం దాకా నడిచి, గోడ వైపు చూసి, వెనక్కి వచ్చింది. వాడి ముందు పీట వేసి ఆకు పెట్టింది.

"కట్ట మీదికి పోనీరు గదా. వాళ్ళ పాలు గూడా నువ్వే తిను నాయనా."

వాడు తల ఎత్తకుండా చివరి మెతుకు దాకా తిన్నాడు.